మ్యాజిక్ నేర్చుకోవాలనుందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షికకు మ్యాజిక్ గురించి ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "ఫలానా ట్రిక్ సీక్రెట్ ఏంటో చెప్పండి" అన్నవే. వాటిని పక్కన పెట్టి, నేర్చుకోవాలన్న తపన కనిపించినవి తీసుకున్నాను. రెండు మూడు చోట్ల సీక్రెట్ కూడా చెప్పాను, ఎందుకంటే అవి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఎవరైనా మొదటిరోజే నేర్పేవి.

ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. రీల్స్ చూసి చాలా ట్రిక్కులు ట్రై చేశాను సార్. అద్దం ముందు బాగానే వస్తాయి, ఫ్రెండ్స్ ముందు చేస్తే వెంటనే పట్టేస్తున్నారు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థి, తణుకు

బాబూ, ముందు ఆ చాలా ట్రిక్కుల్ని వదిలేయ్. ఒక్కటి పట్టుకో. ఒక నాణెం, రెండు చేతులు, అంతే.

పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, వేళ్లతో పట్టుకోవడానికి, దూరం నుంచి కనిపించడానికి బాగుంటుంది. ఇంట్లో ఎక్కడైనా పాత ఐదు రూపాయల బిళ్ల, ఆ మందంగా తొమ్మిది గ్రాములు తూగేది, దొరికితే అదీ మంచిదే, బరువుకి చేతిలో నిలబడుతుంది.

ఇప్పుడు ఫ్రెంచ్ డ్రాప్, అంటే నాణెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లినట్టు నటించే పని. ఎడమ అరచెయ్యి పైకి చూస్తూ ఉండాలి, నాణేన్ని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య అంచుల దగ్గర పట్టుకో. కుడిచెయ్యి దాన్ని తీసుకోవడానికి వస్తుంది, కుడి బొటనవేలు నాణెం కిందనుంచి లోపలికి దూరుతుంది, మిగతా వేళ్లు ముందువైపు నుంచి దాన్ని కప్పేస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో ఎడమ బొటనవేలు కొద్దిగా వదులవ్వాలి. నాణెం ఎడమచేతిలోనే వేళ్ల మొదళ్ల దగ్గరికి జారిపోతుంది, కుడిచెయ్యి మాత్రం నాణెం తీసుకున్నట్టే ముడుచుకుని పక్కకి వెళ్లిపోతుంది. ఎవరికైనా ఐదు నిమిషాల్లో అర్థమయ్యే పని ఇది, కానీ నిన్ను ఫ్రెండ్స్ పట్టేసేది ఇక్కడ కాదు. కుడిచెయ్యి వెళ్లిపోయాక నీ ఎడమచెయ్యి కట్టెలా బిగుసుకుపోతుంది చూడు, అక్కడ పట్టేస్తారు. ఇంకా ఘోరం, నీ కళ్లు ఎడమచేతి మీదే ఉంటాయి.

దీనికి మందు ఒకటే. ముందు నాణేన్ని నిజంగా తీసుకో. మోసం లేకుండా, ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి, పదే పదే. తీసుకున్నాక ఎడమచెయ్యి ఏం చేస్తోంది? వదులుగా పక్కకి వాలిపోతోంది, దానికిక పని లేదు కదా. నీ చూపు ఎటు వెళ్తోంది? నాణెం ఉన్న చేతివైపు. దొంగపని చేసేటప్పుడు కూడా అచ్చం అలాగే ఉండాలి. నిజంగా తీసుకోవడానికీ తీసుకున్నట్టు నటించడానికీ తేడా నీకే తెలియనంత వరకు ఎవరికీ చూపించకు.

చూపు గురించి ఊరికే చెప్పడం లేదు. గుస్తావ్ కూన్, మైకేల్ ల్యాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం గురించి రాశారు. మెజీషియన్ బంతిని రెండుసార్లు నిజంగానే పైకి ఎగరేస్తాడు, మూడోసారి ఎగరేసినట్టు నటించి చేతిలోనే దాచేస్తాడు. అతని కళ్లు లేని బంతి వెంట పైకి వెళ్లినప్పుడు చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్లడం తాము చూశామన్నారు. అదే అతను తన చేతివైపు చూస్తూ చేసినప్పుడు మోసపోయినవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. చేతిపని ఒకటే, మారింది చూపు.

అద్దం సంగతి. అద్దం ముందు ప్రాక్టీస్ చేసేవాళ్లు దొంగపని చేసే క్షణంలో తెలియకుండానే రెప్ప వేస్తారు, అందుకే తమ ట్రిక్ తమకే బాగున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌ని ఎదుటివాడి కళ్లంత ఎత్తులో పెట్టి వీడియో తీసుకో, సౌండ్ ఆపేసి చూడు. నీ భుజం, నీ కళ్లు, నీ ఎడమచెయ్యి ఎక్కడ దొరికిపోతున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

మా పాపకి తొమ్మిదేళ్లు. మ్యాజిక్ అంటే ప్రాణం. పేక ముక్కలు కొనిపెడదామంటే మా అత్తయ్య "ఆడపిల్ల చేతికి పేకలేంటి, ఈ గారడీ ఏంటి" అని ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కరీంనగర్

అత్తయ్యగారి భయం మన ఇళ్లలో కొత్తది కాదమ్మా, పేకాట వల్ల కొంపలు గుల్లయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆవిడతో వాదన పెట్టుకోకండి. పాప దగ్గర బొమ్మల కార్డులుంటాయి కదా, జంతువులవో, పళ్లవో, అక్షరాలవో. అందులోంచి వేర్వేరుగా ఉన్న 21 కార్డులు తీయండి, ఒకే సైజులో ఉంటే చాలు.

పాపని 7 అడ్డవరుసలు, 3 నిలువు వరుసలుగా పేర్చమనండి. పేర్చడం మాత్రం అడ్డంగా సాగాలి, అంటే మొదటి కార్డు మొదటి నిలువులో, రెండోది రెండో నిలువులో, మూడోది మూడో నిలువులో, నాలుగోది మళ్లీ మొదటి నిలువులో. నానమ్మని మనసులో ఒక కార్డు అనుకోమని, అది ఏ నిలువు వరుసలో ఉందో అంతవరకే చెప్పమనాలి. ఆ వరుసని మిగతా రెండింటి మధ్యలో పెట్టి మూడింటినీ ఒక కట్టగా ఎత్తాలి. మళ్లీ అలాగే పేర్చడం, మళ్లీ అడగడం, మళ్లీ మధ్యలో పెట్టడం. ఇలా మూడుసార్లు అయ్యాక నానమ్మ అనుకున్న కార్డు కట్టలో 11వది అవుతుంది. ఎప్పుడూ తప్పదు.

ఎందుకు తప్పదో కూడా పాపకి చెప్పండి, ఆ వయసుకి అర్థమవుతుంది. మొదటిసారి మధ్యలో పెట్టగానే ఆ కార్డు 8 నుంచి 14 లోపు ఎక్కడో ఉంటుంది. మళ్లీ మూడేసి చొప్పున పేర్చితే అది ఏ నిలువులో పడినా పైనుంచి 3, 4, 5 స్థానాల్లోనే పడగలదు. దాన్ని మధ్యలో పెడితే 10, 11, 12ల్లో ఒకటి. ఈ మూడూ మూడోసారి పేర్చినప్పుడు ఒకే అడ్డవరుసలో, నాలుగోదాంట్లో పడతాయి. దానిపైన ఒక వరుస తాలూకు 7 కార్డులు, 7కి 4 కలిపితే 11. లెక్కల టీచర్ నాలుగు పీరియడ్లలో నేర్పలేని ఇష్టం ఈ ఒక్క ట్రిక్‌తో వచ్చిన పిల్లల్ని నేను చూశాను.

ఒక జాగ్రత్త చెప్పండి. పది కార్డులు పైకి లెక్కపెట్టి పదకొండోది తీస్తే అందరికీ తెలిసిపోతుంది. కార్డుల్ని నెమ్మదిగా ఒక్కొక్కటే బోర్లా పరుస్తూ, మనసులోనే లెక్కపెట్టుకుంటూ, 11వది ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని ఇంకో నాలుగైదు కార్డులు దాటి వెళ్లిపోవాలి. అప్పుడు ఆగి, నానమ్మ చెయ్యి పట్టుకుని కార్డుల మీద గాల్లో తిప్పుతూ "ఇక్కడ వేడిగా ఉందా నానమ్మా?" అని అడిగి ఆ కార్డు మీద వాలేలా చేయాలి. కార్డుని కనిపెట్టింది నానమ్మే అయినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత ఆవిడ అభ్యంతరం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఆడపిల్లకెందుకు అన్న మాటకి మాత్రం గట్టిగా జవాబు చెప్పాలి. అమెరికాలో అడిలైడ్ హెర్మన్, మెజీషియన్ అయిన భర్త 1896లో చనిపోతే ఆయన ప్రదర్శనను తన భుజాల మీదికి ఎత్తుకుని, తుపాకీ గుండ్లను పట్టుకునే ట్రిక్ కూడా చేసి, దశాబ్దాలపాటు స్టేజీని ఏలింది. అయినా లండన్‌లో 1905లో పుట్టిన మ్యాజిక్ సర్కిల్ సంస్థ స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి 1991 దాకా ఆగింది. ఇక మన దేశంలో ఇవాళ ఇంటింటికీ తెలిసిన సుహానీ షా చిన్నపిల్లగా ఉన్నప్పుడే స్టేజీ ఎక్కింది. పాపకి ఆవిడ వీడియోలు చూపించండి, అత్తయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని.

ట్రిక్ చేయగానే "ఎలా చేశావ్ చెప్పు" అని ఫ్రెండ్స్ ప్రాణం తీస్తున్నారు. చెప్పకపోతే పొగరు అంటున్నారు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

చెప్పకండి. చెప్పిన మరుక్షణం "ఓస్, ఇంతేనా" అంటారు, కాసేపటి క్రితం వాళ్లు పడిన ఆశ్చర్యం కూడా పోతుంది. అది మీరు వాళ్లకిచ్చిన దాన్ని మీరే లాక్కోవడం. నిజంగా నేర్చుకోవాలని ఉన్నవాడైతే రేపు నాణెం తెచ్చుకుని మీ పక్కన కూర్చుంటాడు, అతనికి ఓపిగ్గా నేర్పండి. అదే ట్రిక్ వెంటనే మళ్లీ చేయమంటే మాత్రం చేయొద్దు, రెండోసారి ఎక్కడ చూడాలో వాళ్లకి తెలిసిపోతుంది.

తాడు దానంతటదే గాల్లోకి లేచి, కుర్రాడు దానిమీద ఎక్కి మాయమైపోయే ఇండియన్ రోప్ ట్రిక్ నిజంగా మన దేశంలో చేసేవారా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

లేచిన తాడు మీద కుర్రాడు ఎక్కి ఆకాశంలో మాయమవడం ఒక పత్రిక పుట్టించిన కథ. 1890 ఆగస్టులో షికాగో ట్రిబ్యూన్‌లో ఇద్దరు అమెరికన్లు ఇండియాలో దీన్ని చూసినట్టు కథనం వచ్చింది, కొన్ని నెలల తర్వాత ఆ పత్రికే అది కల్పితమని ఒప్పుకుంది. రాసినవాడు జాన్ విల్కీ అనే విలేకరి. సవరణ ఎవరికీ పట్టలేదు, కథ మాత్రం ప్రపంచమంతా తిరిగింది, బ్రిటిష్ వాళ్లు దీన్ని చూపించినవాళ్లకి బహుమతులు కూడా ప్రకటించారు.

అయితే మన వీధి గారడీవాళ్లు చేసిన నిజమైన అద్భుతాలకి ఈ కల్పిత కథ అక్కర్లేదండీ. చుట్టూ జనం, వెనక తెర లేదు, కింద మట్టి నేల, వీటన్నిటి మధ్య మామిడి టెంకని పాతి మొక్కగా, చెట్టుగా మొలిపించి చూపేవారు. లైట్లు, తెరలు ఉన్న స్టేజీ మీద చేయడం దానితో పోలిస్తే చాలా తేలిక. 1995లో ఢిల్లీలో వీధి గారడీ కుటుంబానికి చెందిన ఇషాముద్దీన్ ఖాన్ కుతుబ్ మినార్ దగ్గర ఆరుబయట తాడుని పైకి లేపి, దానిమీద పిల్లవాణ్ని ఎక్కించి చూపించారు. పిల్లవాడు మాయం కాలేదు, కానీ నూరేళ్లుగా అసాధ్యమంటున్న పనిలో సగం ఒక పేద కళాకారుడు పట్టపగలు చేసి చూపించాడు. అలాంటివాళ్లకి బతుకుతెరువు లేకుండా పోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

హూడినీ లాగా చేతులు కట్టించుకుని సముద్రంలో దూకి బయటికొచ్చే వీడియో చేద్దామనుకుంటున్నాం. నాకు ఈత బాగా వచ్చు. టిప్స్ ఇవ్వండి.
— విశాఖపట్నం నుంచి

ఇవ్వను. చేయకండి.

2019 జూన్‌లో కోల్‌కతాలో చంచల్ లాహిరి అనే మెజీషియన్ గొలుసులు, తాళ్లతో కట్టించుకుని హుగ్లీ నదిలోకి దిగాడు. ఏళ్లతరబడి ఇదే వృత్తిలో ఉన్నవాడు, ముందు కూడా అలాంటివి చేసినవాడు. ఒడ్డున జనం చూస్తూనే ఉన్నారు, పైకి రాలేదు. మర్నాడు శవం దొరికింది. 1918లో లండన్‌లో చంగ్ లింగ్ సూ అనే పేరుతో స్టేజీ మీద వెలిగిన విలియం రాబిన్సన్ తుపాకీ గుండు పట్టుకునే ట్రిక్‌లో తుపాకీ లోపం వల్ల నిజంగానే గుండు తగిలి చనిపోయాడు. హూడినీ 1912 నుంచి చేసిన, నీళ్లు నింపిన అద్దాల పెట్టెలోంచి బయటపడే ప్రదర్శనలో పక్కనే గొడ్డలి పట్టుకుని ఒక మనిషి నిలబడేవాడు, ఏదైనా తేడా వస్తే అద్దం పగలగొట్టడానికి. మీ వెనక గొడ్డలి పట్టుకునేది ఎవరు, ఫోన్ పట్టుకున్న మీ ఫ్రెండా? ఆర్కే బీచ్‌లో మామూలుగా స్నానానికి దిగినవాళ్లనే అలలు లాగేసుకుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎస్కేప్ మీద అంత ఇష్టముంటే గది నేల మీద కూర్చుని తాడు ముళ్లు నేర్చుకోండి. ఏ ముడి లాగితే బిగుస్తుంది, ఏది జారుతుంది, మణికట్టు ఎలా తిప్పి కట్టించుకుంటే తర్వాత సందు మిగులుతుంది, ఇదే కొన్ని నెలల పని. కుర్చీలో కూర్చుని మీద దుప్పటి కప్పించుకుని ఒక్క నిమిషంలో విప్పుకుని లేచి నిలబడినా జనం చప్పట్లు కొడతారు.

మా పక్క ఊళ్లో ఒకాయన మంత్రం చదివి నిమ్మకాయ కోస్తే రక్తం కారుతోంది. మా మావయ్య కళ్లారా చూశాడట. ఇందులో మ్యాజిక్ ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, నూజివీడు

ఉన్నది రసాయనం. ఎర్రమందార రేకలు కత్తికి బాగా రుద్ది ఆరనిచ్చి ఆ కత్తితో నిమ్మకాయ కోయండి, రసంలోని పులుపు తగలగానే ఎర్రగా కారుతుంది. ఇలాంటిదే ఇంకోటి మనింట్లో రోజూ చూసేదే, పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లయ్యి దిష్టి తీస్తాం కదా.

ఇదే పని ఒక మెజీషియన్ చేస్తే వినోదం, మంత్రమని చెప్పి జబ్బుమనిషి దగ్గర డబ్బు గుంజితే మోసం. ఈ తేడా కోసం జీవితాలు ధారపోసినవాళ్లున్నారు. కేరళకి చెందిన బి.ప్రేమానంద్ ఊరూరా తిరిగి బాబాల మహిమలన్నీ స్టేజీ మీద చేసి, ఎలా చేశారో విప్పి చెప్పేవారు. మన దగ్గర గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడక లాంటివి మహిమలు లేకుండానే చేసి చూపించింది. మావయ్యగారితో గొడవపడకండి, ఆయన ముందు మందారం కత్తితో మీరే ఒక నిమ్మకాయ కోయండి. అగ్గిపుల్ల లేకుండా హోమం వెలిగించే ట్రిక్ మాత్రం ఇంట్లో చేయొద్దు, ఆ రసాయనాలు ఎప్పుడు భగ్గుమంటాయో చేతికి తెలియదు.

మనిషిని రంపంతో రెండు ముక్కలు చేసే ట్రిక్ నేర్చుకోవాలనుంది. ఆ పెట్టె ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?
— హైదరాబాద్ నుంచి

పెట్టె కొనడానికి తొందరెందుకండీ. ఆ ట్రిక్‌ని 1921లో లండన్‌లో పి.టి.సెల్బిట్ జనం ముందు పెట్టాడు, అప్పట్నుంచీ ఎన్ని వేలమంది చేశారో. కానీ ఇప్పటికీ చెప్పుకునేది మన బెంగాల్ మెజీషియన్ పి.సి.సర్కార్ గురించి. 1956 ఏప్రిల్‌లో బీబీసీ లైవ్ కార్యక్రమంలో, పైన పెట్టె కూడా లేకుండా, బల్ల మీద పడుకోబెట్టిన అమ్మాయిని తిరిగే రంపంతో కోశారు. తర్వాత ఆమెను లేపబోతే పలకలేదు. చేతులు రుద్దారు, ఉలుకూ పలుకూ లేదు. అంతలో యాంకర్ వచ్చి కార్యక్రమం ముగించేశాడు. అమ్మాయి చనిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు. టైమ్ అయిపోయింది కాబట్టి ఆపామని సంస్థ చెప్పుకోవాల్సి వచ్చింది, అమ్మాయి మాత్రం క్షేమంగానే ఉంది. సర్కార్‌కి లండన్‌లో పేరు మోగిపోయింది.

రంపం అందరిదీ ఒకటే. అమ్మాయి లేవని ఆ కొన్ని క్షణాలు సర్కార్‌వి. ఆ క్షణాల్ని పట్టుకోవడం రాకుండా పెట్టె కొంటే గదిలో చోటు తినే చెక్కసామాను మిగులుతుంది. ముందు చేతిరుమాలు, తాడు, నాణెం, కార్డులతో ఒక పావుగంట జనాన్ని కూర్చోబెట్టగలరేమో చూసుకోండి.

రిటైర్డ్ టీచర్‌ని, వయసు 64. వేళ్లు కాస్త బిగుసుకుంటున్నాయి. మనవళ్ల కోసం మ్యాజిక్ నేర్చుకోవాలని ఉంది. ఈ వయసులో సాధ్యమేనా? ఎక్కడ నేర్పుతారు?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఎందుకు సాధ్యం కాదు మాస్టారూ! మీ దగ్గర మాట ఉంది, అది చాలామంది కుర్రాళ్ల దగ్గర లేదు. 2025లో మనకి దూరమైన బి.వి.పట్టాభిరామ్ గారు మెజీషియన్‌గా, హిప్నాటిస్టుగా, వ్యక్తిత్వ వికాస రచయితగా తెలుగువాళ్లందరికీ తెలిసింది ఆ మాట వల్లే. మన దగ్గర బ్రాహ్మణ సభల్లో ఇంద్రజాలం చూపే విప్రవినోదులు, తెలంగాణలో పద్మశాలీల దగ్గర ప్రదర్శించే సాధనాశూరులు, వీళ్లంతా మాటల గారడీతోనే జనాన్ని కట్టిపడేసినవాళ్లు. పద్ధతిగా నేర్చుకోవాలంటే తిరువనంతపురంలో గోపీనాథ్ ముతుకాడ్ స్థాపించిన మ్యాజిక్ అకాడమీ గురించి వాకబు చేయండి. ఈలోగా ఇంట్లో మొదలుపెట్టడానికి కప్పులూ ఉండలూ చాలు, ఇది వేళ్ల చురుకుతో పనిలేకుండా చేయొచ్చు.

ఒకదాంట్లో ఒకటి దూరే మూడు ప్లాస్టిక్ కప్పులు, ఉన్నిదారంతో చుట్టిన నాలుగు చిన్న ఉండలు. మనవళ్లకి తెలిసేది మూడే, నాలుగోది ముందే మధ్య కప్పులో ఉంటుంది. కప్పుల దొంతరని నోళ్లు పైకి ఉండేలా పట్టుకుని, అడుగునుంచి ఒక్కొక్కటే లాగి ఒకే వేగంతో బల్ల మీద బోర్లించాలి. మూడూ వరుసగా, ఉండ దాగినది మధ్యలో. వేగం తగ్గితే ఉండ బయటపడుతుంది, మరీ ఎక్కువైతే అనుమానం వస్తుంది, మూడింటికీ ఒకే ఊపు ఉండాలి. ఇప్పుడు మధ్య కప్పు నెత్తిన ఒక ఉండ పెట్టి, మిగతా రెండు కప్పులూ దానిమీద బోర్లించి, పైన వేలితో తట్టి మూడూ కలిపి ఎత్తండి. ఉండ కప్పుని దాటుకుని కిందికి దిగినట్టు కనిపిస్తుంది. నెత్తిన పెట్టిన ఉండ పై కప్పులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, దొంతర తిరగేస్తే రెండోసారికి మధ్య కప్పు దానంతటదే సిద్ధం. ఈసారి ఆ కప్పుని బల్ల మీదున్న ఉండ మీదే బోర్లించండి, ఎత్తేసరికి రెండుంటాయి, ఆ తర్వాత మూడు.

స్టీలు గ్లాసులతో మాత్రం చేయకండి, అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. ఉండలు గోలీకాయంత కాకుండా ఉసిరికాయంత ఉంటే మీ వేళ్లకి సులువు. కప్పులు గాజులా కనిపించేవి కాకుండా ముదురు రంగువి తీసుకోండి, కొనేటప్పుడే దీపం ముందు పెట్టి చూస్తే లోపలిది బయటికి తెలుస్తోందో లేదో తేలిపోతుంది.